అరుగు మీద చోటు

బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టే ఊళ్ళో, గాలిలో చోటు పంచే పని కనకలక్ష్మి నెత్తిన పడింది.

గాలిలో చోటేమిటి, దాన్ని పంచడమేమిటి అని నవ్వేవాళ్ళు నరసరావుపేటలో చాలామందే ఉన్నారు. నవ్వనివ్వండి. సెల్‌ఫోన్లకూ టీవీలకూ పోలీసులకూ పంచినట్టే, ఇంట్లో రేడియో సెట్టు పెట్టుకుని ఊళ్ళవాళ్ళతో కబుర్లాడుకునే లైసెన్సుదారులకు కూడా సర్కారువారు గాలిలో ఒక చిన్న చెక్క రాసిచ్చారు. ఆ చెక్కలో ఎవరు ఏ మూల కూర్చోవాలో మాత్రం వాళ్ళలో వాళ్ళే సర్దుకోవాలి. ఒకే చోట ఇద్దరు కూర్చుని మాట్లాడితే ఇద్దరి మాటా గంగలో కలుస్తుంది. అందుకే కూర్చోబోయే ముందు "ఎవరన్నా ఉన్నారా?" అని అడగాలి. అడిగి, ఆగి, విని, అప్పుడు నోరు విప్పాలి. ఆ లోకంలో మర్యాదంటే అదొక్కటే. అక్కడ తువ్వాళ్ళు చెల్లవు.

రేడియో క్లబ్బులో ఉన్నది పట్టుమని ఇరవైమంది. వాళ్ళకు తగువు తీర్చగల నోరు కనకలక్ష్మిది అని అందరూ కలిసి తేల్చి, ఆ బరువు ఆవిడ మీద పెట్టి చేతులు దులుపుకున్నారు. పల్నాడు రోడ్డులో ఆవిడ భర్త లక్ష్మీనరసయ్యకు ఎలక్ట్రికల్ కొట్టు ఉంది. కొట్టు వెనక రేకుల షెడ్డులో ఆవిడ కాలిపోయిన బోరు మోటార్లకు మళ్ళీ తీగ చుడుతుంది. రేడియో సెట్టు కూడా ఆ షెడ్డులోనే, వార్నిషు డబ్బాల పక్కన ఒక బల్ల మీద ఉంటుంది.

శివరాత్రి నాలుగు రోజులుందనగా అభిరామ్ షెడ్డులోకి వచ్చాడు. ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పే కుర్రాడు. క్లబ్బులో అందరికంటే చిన్నవాడు, అందరికంటే తొందరవాడు. కనకలక్ష్మి అప్పుడు మోటారు దిమ్మను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, గాడిలోకి రాగి తీగల్ని వెదురు పుల్లతో సర్దుతోంది.

"అక్కా, డబ్బాకి చోటు దొరికింది," అన్నాడు.

డబ్బా అంటే అభిరామ్ స్వహస్తాలతో కట్టిన యంత్రం. కోటప్పకొండ తిరునాళ్ళకు లక్షల్లో జనం వస్తారు. ఊరూరా ఆకాశమంత ఎత్తున కట్టి తెచ్చే ప్రభలు కదిలే వేళకు ఫోన్లన్నీ చచ్చి ఊరుకుంటాయి. ప్రతి ఏడూ ఎవరి బిడ్డో తప్పిపోవడం, తల్లి మైకు దగ్గర నిలబడి గుండెలు బాదుకోవడం. ఈసారి సాయం పడతామని క్లబ్బువాళ్ళు మాటిచ్చారు. ఇక్కడ అక్షరాలు కొడితే డబ్బా వాటిని "బుర్ర్" మని ఒక చిన్న కూత చేసి గాలిలోకి వదులుతుంది. కొండ మీదా, కొండ కిందా ఉన్న మిగతా డబ్బాలు ఆ కూతను పట్టి మళ్ళీ అక్షరాలు చేస్తాయి. డిజిటల్ అంటే ఇంతేనని అభిరామ్ అందరికీ చెప్పాడు. దానికి కావలసిందల్లా ఎవరూ మాట్లాడని ఒక చోటు.

"యాడ దొరికింది?" తలెత్తకుండానే అడిగింది కనకలక్ష్మి.

"పాయింట్ తొమ్మిది. మన పాత అరుగు."

ఆవిడ చేతిలో పుల్ల ఆగింది.

నూట నలభై నాలుగు పాయింట్ తొమ్మిది, సెట్టును తిప్పి పెట్టే అంకె. దానికి అరుగు అని పేరు పెట్టింది కొండ దగ్గర ఎల్లమంద ఊరి బసవయ్య. అంకె ఎంచింది మాత్రం లక్ష్మీనరసయ్య. ఆయనకు రేడియోలో ఓనమాలు రావు, లైసెన్సూ లేదు. కానీ స్కూటరు నంబరైనా సరే, ఫోను నంబరైనా సరే, కూడితే తొమ్మిది రావాలి. "ఒకటీ నాలుగూ నాలుగూ తొమ్మిదీ, పద్దెనిమిది. ఒకటీ ఎనిమిదీ తొమ్మిది. కళ్ళు మూసుకుని కూర్చోండి," అన్నాడు. కూర్చున్నారు. రోజూ పొద్దున ఆరింటికి అరుగు మీద బసవయ్య గొంతు లేచేది. "ఎవరన్నా ఉన్నారా?" అని ఒక్కో అక్షరం విడమరిచి, ఊరి చివరిదాకా వినపడేట్టు అడిగేవాడు. ఇక మిరపకు తగులుకున్న పురుగు దగ్గర్నుంచి, శేషారత్నం చేసిన గోంగూర పచ్చట్లో ఉప్పు తగ్గిందా ఎక్కువైందా అనేదాకా అన్నీ గాలిలో తేలాల్సిందే. ఆ గొంతు వినందే కనకలక్ష్మికి కాఫీ దిగేది కాదు.

దీపావళి వెళ్ళాక బసవయ్యకు గుంటూరులో గొంతు ఆపరేషనైంది. ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. కనకలక్ష్మి ఒకసారి వెళ్ళి చూసొచ్చింది. అంత వాగుడు మనిషి ఎదురుగా పలక పట్టుకుని కూర్చుంటే చూడలేకపోయింది. మళ్ళీ వెళ్ళలేదు. అరుగు మీదికీ వెళ్ళలేదు. తక్కినవాళ్ళు వాట్సాప్‌లో కూర్చోవడం అప్పటికే మరిగారు.

"వారం రోజులు రికార్డు పెట్టి చూశానక్కా," అన్నాడు అభిరామ్. "ఒక్క మడిసి మాట్లాడితే ఒట్టు. పొద్దున పూట మాత్రం టక టకమని ఏదో గోల. యాంటెనా తిప్పి చూశా, కొండ వైపు నించే వస్తంది. బోరు మోటారు స్టార్టరనుకుంటా. నువ్వొకసారి విను. మోటార్ల సంగతి నీకు తెల్సినట్టు ఎవరికి తెలిసిద్ది?"

ఫోను ఆవిడ చెవి దగ్గర పెట్టాడు. టక్ టక్ టక్ టక్. కాస్త ఆగి, టక్ టక్ టక్.

రోజుకు పది మోటార్ల గోడు వినే చెవి అది. వేరేగా ఎందుకు వింటుంది?

"కాంటాక్టులు కాలిపోయిన స్టార్టరు," అంది. "పట్టుకుంటంది, వదిలేస్తంది. ఆ రైతెవరో రేపోమాపో మార్పిస్తాళ్ళే."

"అయితే డబ్బాకి రాసేసుకోనా?"

"రాస్కో."

అంత చటుక్కున ఇచ్చేస్తుందని ఆవిడే అనుకోలేదు. ఖాళీ అరుగు గుర్తొచ్చినప్పుడల్లా సెట్టు మీద గుడ్డ కప్పేసేది. ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటే ఆ బాధైనా తీరుతుందనుకుంది. అభిరామ్ చెంగున లేచి వెళ్ళాడు. సాయంత్రానికి డబ్బాలన్నిటికీ పాయింట్ తొమ్మిది ఎక్కించి, పరీక్ష కూడా మొదలెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ షెడ్డు తలుపు తీసేసరికి లైన్‌మన్ షఫీక్ ఫ్యూజు తీగ కోసం కొట్టు ముందు నిలబడి ఉన్నాడు.

"ఇంత పొద్దున్నేనా తమ్ముడూ?"

"ఏం చేసేదక్కా, ప్రభలు పోవాలిగా. కొండకింది ఊళ్ళన్నిటికీ అయిదింటికే లైను తీసేశాం. తీగలు విప్పి పక్కకి కట్టాల. మద్దేనం దాకా ఒక్క బల్బు ఎలగదు, ఒక్క మోటారు తిరగదు," అని తీగ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

కూతలు ఎంత దూరం వినపడుతున్నాయో చూసి చెప్పమని అభిరామ్ మరీమరీ చెప్పి వెళ్ళాడు కాబట్టి ఆవిడ సెట్టు పెట్టింది. మూడు నెలల తరవాత అరుగు మీదికి రావడం. బుర్ర్ అంది డబ్బా. బాగానే వినపడుతోంది. కాసేపటికి మళ్ళీ బుర్ర్. ఈ రెండు కూతల సందున, టక్ టక్ టక్ టక్. టక్ టక్ టక్.

ఆవిడ కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టింది. కొండ వైపు ఒక్క మోటారు తిరగదని ఇప్పుడే కదా షఫీక్ చెప్పింది. కరెంటు లేనిచోట ఏ స్టార్టరు పట్టుకుంటుంది, ఏ స్టార్టరు వదిలేస్తుంది?

మళ్ళీ వచ్చింది. నాలుగు. ఆగి, మూడు.

రేడియో సెట్టు మైకుకు ఒక మీట ఉంటుంది. మాట్లాడాలంటే దాన్ని నొక్కి పట్టుకోవాలి. నొక్కి ఏమీ మాట్లాడకుండా వదిలేస్తే అవతలివాళ్ళకు "టక్" మని మాత్రం వినిపిస్తుంది. ఎవరో మీట నొక్కుతున్నారని అప్పటికి తట్టింది ఆవిడకు. ఎవరైతేనేం, అడగడం మర్యాద కదా. మైకు అందుకుని పాత అలవాటు కొద్దీ అంది.

"ఎ-వ-ర-న్నా… ఉ-న్నా-రా?"

అన్న నోరు అలాగే ఉండిపోయింది. నాలుగక్షరాలు. ఆగి, మూడక్షరాలు.

"బాబాయ్," అంది. మీట మళ్ళీ గట్టిగా నొక్కి, "బసవయ్య బాబాయ్, నువ్వేనా?" అంది.

ఒక్కటే టక్. వదిలిపెట్టడానికి మనసొప్పనట్టు, చాలాసేపు నొక్కి పట్టిన టక్.

కనకలక్ష్మి అక్కడే వార్నిషు డబ్బా మీద కూలబడి ఏడ్చింది. ఒక మనిషి రోజూ పొద్దున్నే వచ్చి ఎవరన్నా ఉన్నారా అని అడుగుతుంటే, కాంటాక్టులు కాలిన స్టార్టరని తీర్పు చెప్పి, అతని చోటు తీసి డబ్బాకిచ్చింది. ఆ చెప్పడంలో ఎంత ధీమా! గొంతు పోయిన మనిషికి రేడియో ఎందుకులే అని తనకు తానే అనుకుంది తప్ప, అతన్ని ఒక్కమాట అడిగిన పాపాన పోయిందా?

ఏడుపు విని కొట్టులోంచి లక్ష్మీనరసయ్య పరిగెత్తుకొచ్చాడు. "ఏందే, షాక్ కొట్టిందా?"

"కొట్టింది," అంది ఆవిడ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "స్కూటర్ తియ్యి. ఎల్లమంద పోవాల."

దారిలోనే అభిరామ్‌కు ఫోన్ చేసింది. అతను మోటారు సైకిలు మీద వీళ్ళకంటే ముందే వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది. "అక్కా, నేను మడిసిని పట్టుకుని గోల అన్నానంటగా," అన్నాడు. "నువ్వు అనుమానమన్నావు, నేను ఖాయం చేశా. పద లోపలికి," అంది ఆవిడ.

బసవయ్య భార్య శేషారత్నం వాకిట్లో మిరపకాయలు తొడిమలు తీస్తోంది. వీళ్ళను చూసి లేచింది.

"ఇప్పుడు తీరిందా అమ్మాయ్ నీకు? సెట్టు చెడిపోయిందని రెండుసార్లు విప్పి మళ్ళీ బిగించాడు మీ బాబాయి. ఆ చిక్కుడు పందిరి మీద యాంటెనా తీగ సరిగా లేదని, ఆ వయసులో నిచ్చెనెక్కాడు. నేను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టా. ఎవరూ పలకట్లేదంటే ఇనడే! నిన్న సాయంత్రం నించి మళ్ళా బుర్రు బుర్రుమంటంది. అయిపోయింది, సెట్టు చచ్చిందని అన్నం కూడా తిన్లా."

లోపల బసవయ్య, బ్యాటరీకి తగిలించిన సెట్టు ముందు కుర్చీలో ఉన్నాడు. మెడకు తెల్లటి గుడ్డ. ఆయన కళ్ళు మాత్రం ఎప్పటి కళ్ళే, ఎవరినో ఒకరిని ఆటపట్టించకపోతే తోచనట్టు మిలమిల్లాడుతున్నాయి. కనకలక్ష్మి ఆయన కాళ్ళ దగ్గర గచ్చు మీద కూర్చుని, జరిగిందంతా దాచకుండా చెప్పింది. స్టార్టరన్న మాట దగ్గర ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. చప్పుడు లేని నవ్వు. పలక మీద రాసి తిప్పాడు.

"నయం. పిండిమర అనలేదు."

ఇంకొక్కసారి తుడిచి రాశాడు. ఈసారి తిప్పడానికి కాస్త తటపటాయించాడు.

"మూడు నెలలు అడిగా."

కనకలక్ష్మి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఇయ్యాలే డబ్బాని అక్కణ్ణించి లేపిస్తా బాబాయ్. ఆ అరుగు నీది," అంది.

డబ్బాలు అప్పటికే కొండెక్కాయి. వాటిని దించి, మళ్ళీ కొత్త అంకె ఎక్కించి, మళ్ళీ పరీక్ష చెయ్యడానికి టైము చాలదు. "చేస్తా అక్కా," అన్నాడు అభిరామ్. "కాకపోతే పైనున్నవాటిలో రెండు తిరునాళ్ళకి పలకవు."

బసవయ్య చూపు ఒకరి నుంచి ఒకరికి తిరిగింది. రాశాడు.

"ఆ బుర్రు ఏంది?"

అభిరామ్ చెప్పాడు. తప్పిపోయిన పిల్లల సంగతి, అక్షరాలు కూతలవడం, కూతలు మళ్ళీ అక్షరాలవడం. బ్యాగులోంచి చిన్న డబ్బా తీసి, దానికి ఫోను తగిలించి చూపించాడు కూడా. బసవయ్య చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మనవరాలు వెన్నెలకు వాట్సాప్‌లో కొట్టినట్టే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టాడు. బుర్ర్ అంది. అభిరామ్ చేతిలోని రెండో ఫోనులో మాట తేలింది. "గోంగూరలో ఉప్పు తక్కువ."

మూడు నెలల తరవాత గాలిలోకి వెళ్ళిన ఆయన మొదటి మాట అది. శేషారత్నం చదివించుకుని, "సచ్చినోడా," అని కళ్ళు తుడుచుకుంది.

బసవయ్య పలక అందుకుని గబగబా రాశాడు.

"డబ్బాని లేపొద్దు. పిల్లల పని అది."

"మరి అరుగు?" అంది కనకలక్ష్మి.

"అరుగంటే నంబరా? పక్కకి జరుగుదాం. ఎనిమిది."

అంతవరకూ గుమ్మంలో నిలబడి వింటున్న లక్ష్మీనరసయ్య ఒక్క గెంతున లోపలికొచ్చాడు. "పాయింట్ ఎనిమిదా! కూడితే పదిహేడు, ఒకటీ ఏడూ ఎనిమిది. శని అంకె మామా! ఎవరన్నా కూర్చుంటారా?"

బసవయ్య మెడ చుట్టూ ఉన్న గుడ్డను చూపించి రాశాడు. "పట్టేది పట్టిందిగా. ఇంకేం పట్టిద్ది?"

అందరూ నవ్వారు. లక్ష్మీనరసయ్య నవ్వలేదు. వేళ్ళు మడిచి, పెదాలు కదిలించి, చివరికి వెలిగిపోతున్న మొహంతో అన్నాడు. "దానికి ఒక్కటి కలపండి. ఎనిమిది ఒకటి. పద్దెనిమిది, తొమ్మిది! లైసెన్సుల్లేవంటారు గానీ, మీ గాలికి నేను లేకపోతే దిక్కెవరు?"

అలా అరుగు పాయింట్ ఎనిమిది ఒకటికి జరిగింది. అయితే జరిగినందుకు బసవయ్య ఊరికే జరగలేదు. బదులుగా ఒకటడిగాడు. తిరునాళ్ళ రోజు డబ్బా ముందు తనను కూర్చోబెట్టాలి. అంత జనంలో ఎలాగని అభిరామ్ నసిగాడు. కనకలక్ష్మి ఒక్క చూపు చూసేసరికి, "సరే తాతా," అన్నాడు.

శివరాత్రి సాయంత్రం ప్రభలు కదిలాయి. ఊరికో ప్రభ, తాడిచెట్టును మించిన ఎత్తు, ఒంటి నిండా రంగు బల్బులు, కింద జనరేటరు, ముందు డప్పులు, నాలుగు దిక్కులా మైకులు. కొండ కింద శిబిరంలో కనకలక్ష్మి చేతి సెట్టును చెవికి ఆనించి, ఇంకో చెవి అరచేత్తో మూసుకుని, "మళ్ళీ చెప్పండి! మళ్ళీ చెప్పండి!" అని అరిచి అరిచి బొంగురుపోయింది. ఒక్క ముక్క అర్థం కావడం లేదు. అవతల మెట్ల దగ్గరున్న క్లబ్బు మనిషి నూర్ మొహమ్మద్ కూడా అలాగే అరుస్తున్నట్టున్నాడు. ఫోన్లు ఎప్పుడో చచ్చాయి. పక్కన నిలబడ్డ పోలీసు నోరు కదులుతోందే గానీ మాట రావడం లేదు. మాచర్ల వైపు నుంచి వచ్చిన ఒక తల్లి శిబిరం గుంజ పట్టుకుని బిడ్డ పేరు పెట్టి అరుస్తోంది. ఏం పేరో అడుగు దూరంలో ఉన్నవాళ్ళకే వినపడలేదు.

బసవయ్య లేచి వెళ్ళి ఆ తల్లికి పలక ఇచ్చాడు.

ఆవిడ క్షణం తెల్లబోయింది. వెంటనే రాసింది. పేరు తేజ, అయిదేళ్ళు, పసుప్పచ్చ చొక్కా. బసవయ్య డబ్బా ముందు కూర్చుని చూపుడువేలితో కొట్టడం మొదలెట్టాడు. కనకలక్ష్మి ఆయన భుజం మీంచి చూసింది. ముందుగా కొట్టింది బిడ్డ పేరు కాదు. "ఎవరన్నా ఉన్నారా".

అభిరామ్ ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "దీనికి అడగక్కర్లేదు తాతా! చోటు ఖాళీగా ఉందో లేదో అదే చూసుకుంటది!"

బసవయ్య తల తిప్పకుండా తెర మీద కొట్టి చూపించాడు. "అది చూసుకుంటది. నేను అడుగుతా."

"ఉన్నాం," అని కొండ మీంచి అక్షరాలొచ్చాయి. "ఉన్నాం," అని మెట్ల దగ్గర్నుంచి వచ్చాయి. అప్పుడు కొట్టాడు పేరూ, చొక్కా రంగూ. ఆ సాయంత్రం తిరునాళ్ళలో గొంతున్నవాళ్ళెవరి మాటా ఎవరికీ వినపడలేదు. అంతటి హోరులో తడుముకోకుండా, అరవకుండా మాట్లాడుతున్న మనిషి ఆయనొక్కడే. మిగతావాళ్ళంతా ఆయన వెనక వరసగా నిలబడి, తమ మాట ఎప్పుడు పంపుతాడా అని చూశారు, కనకలక్ష్మితో సహా. చీకటి పడకముందే పసుప్పచ్చ చొక్కా బుడ్డోడు నూర్ మొహమ్మద్ భుజం మీద ఎక్కి, బూర ఊదుకుంటూ వచ్చాడు. తల్లి వాణ్ణి ముందు ఒక్కటిచ్చి తరవాత వాటేసుకుంది. ఆ దెబ్బా వినపడలేదు.

తిరునాళ్ళ ముగిసింది. మర్నాడు ఊరంతా ఒళ్ళు తెలియకుండా పడుకుంది. ఆ మర్నాడు పొద్దున ఆరింటికి కనకలక్ష్మి షెడ్డు తలుపు తీసింది. బల్ల మీద సగం చుట్టిన మోటారు అలాగే ఉంది. డబ్బా పాయింట్ తొమ్మిది మీద నిలదొక్కుకుంది. ఇక నుంచి ఆ చోటు దానిదే. క్లబ్బువాళ్ళందరూ ఒప్పుకున్నారు. ఆవిడ సెట్టును పాయింట్ ఎనిమిది ఒకటికి తిప్పింది. కొత్త చోటు. చిన్న హోరు తప్ప ఏమీ లేదు. వస్తాడో రాడో. అక్షరాలు కొట్టడం రుచి మరిగాడు కదా, ఫోను మీదే ఉంటాడేమో. వెన్నెలకు రోజూ ఎన్నో కొడుతున్నాడని శేషారత్నం అననే అంది.

మైకు అందుకుంది. ఈసారి ముందు అడగాల్సింది తనే.

"ఎవరన్నా ఉన్నారా?"

అడిగి, ఆగి, వింటూ కూర్చుంది. కాఫీ మీద మీగడ కట్టింది.

టక్ టక్.

రెండే. నాలుగూ కాదు, మూడూ కాదు. ఆవిడకు లెక్కపెట్టాల్సిన పని లేకపోయింది. ఉ-న్నా.

"ఉన్నావుగా, ఇయ్యాల శేషారత్నం పిన్ని ఏం కూరొండుతుందో చెప్పు మరి," అని కనకలక్ష్మి కాఫీ గ్లాసు అందుకుంది.